ఒకే పడుగు మీద

సుబ్బక్క బొటనవేలు చీర మొదలంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని తడిమింది.

ప్రమీలారాణి కూతురు చంద్రను చంకనేసుకుని గడప దగ్గర నిలబడి చూస్తూ ఉంది. అత్త సుబ్బక్క ఆత్మకూరులో తన కూతురి కాన్పు చేసి, పది రోజుల తర్వాత ఇప్పుడే బస్సు దిగింది. కాళ్ళు కడుక్కుని బొట్టు దిద్దుకుంది, మంచినీళ్ళు కూడా తాగకుండా చౌడమ్మ తల్లి చీర యాడ పెట్టినావని అడిగింది. చీర బాగా కుదిరిందని, పోగు ఎక్కడా తెగలేదని, అత్త మెచ్చుకుంటుందనే ప్రమీల తెచ్చి చేతిలో పెట్టింది.

"అతుకులేవి?" అంది సుబ్బక్క.

కొత్త పడుగు మగ్గానికి ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలకు కొత్త దారాల కొసలు ఒక్కొక్కటే కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలేస్తారు. మూడు వేల పైచిలుకు దారాలు. ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున కూర్చుంటే దీపాల వేళకు నడుములు పట్టుకుని లేస్తారు. ఆ అతుకులన్నీ మొదట నేసే బట్ట మొదలంచులో పడతాయి, వేలికి ఆవగింజల్లా తగులుతాయి. అమ్ముకునే బట్టకైతే ఆ అంచు కత్తిరించి పారేస్తారు. చౌడమ్మ చీరకు మాత్రం అట్లే ఉంచుతారు. కొత్త పడుగు మీద మొట్టమొదటి బట్ట అమ్మదేనని అదే సాక్ష్యం. గుడిపెద్ద రంగన్న దాన్ని తడిమి చూసి గానీ చీర లోపలికి పోనివ్వడు. నేతలో పడిన అతుకును తర్వాత ఎవరూ పుట్టించలేరు.

ఇదంతా ప్రమీలకు తెలియదు. ఈ వీధిలో అమ్మవారి చీర వంతు ఒక్కో ఇంటికి ఎనిమిదేండ్లకు ఒకసారి వస్తుంది. ఆమె ఈ ఇంటికి వచ్చి నాలుగేండ్లు, వంతు రావడం ఇదే మొదలు. కొత్త నూలు కావాలని తెలుసు. ఒంటిపొద్దు ఉండాలని, తల మీద నీళ్ళు పోసుకుని తడిబట్టతోనే మగ్గం గుంతలో దిగాలని తెలుసు. అవన్నీ తప్పకుండా చేసింది.

"దీనికి ముందర ఏం నేసినావు మే?"

"గలేబు," అంది ప్రమీల. "గుట్టకాడి దర్గాకు."

పోయిన వానల్లో చంద్రకు జొరం నెత్తికెక్కి, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్న రోజు ఇంట్లో ఎవరూ లేరు. బిడ్డను ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తుతూ గుడి ముందర చౌడమ్మకు చీర మొక్కుకుంది, దర్గా ముందర, సమాధి మీద కప్పే గలేబు మొక్కుకుంది. రెండూ తన చేత్తోనే నేసి ఇస్తానంది. ఆటో దొరికింది, బిడ్డ దక్కింది. ఎవరు విన్నారో తెలియదు కాబట్టి ఇద్దరికీ చెల్లించాలనుకుంది. దర్గాలో ఉరుసు జరిగే నెల అప్పటికే మొదలైందని గలేబు ముందు నేసింది. పడుగు ఎట్లాగూ రెండు చీరల పొడుగు ఉంది. పసుపు పడుగు మీద పచ్చ పేక పోస్తే చిలకపచ్చ గలేబు వచ్చింది. దాన్ని కోసి ఇచ్చి, అదే పడుగు మీద ఎర్ర పేక పోస్తే అమ్మవారి చీర వచ్చింది. అతుకులు గలేబుతో పాటు వెళ్ళిపోయాయి.

సుబ్బక్క అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చీర మడత మీద మడత వేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయమ్మ నీ మాదిరి, నా మాదిరి మనిషే మే. ఆకలైతాది. నిద్రొస్తాది. ఈ ఎండలకు దప్పికైతాది. ముందొకరికి ఇచ్చి మిగిలింది నీకు కట్టుకోమంటే నువ్వు కట్టుకుంటావా?" అంది. చీర మీద అరచెయ్యి ఆనించి, "ఇచ్చిందాన్ని ఎట్ల వెనక్కి తీసుకోవాల్నో గూడా ఆయమ్మకు తెలుసు," అంది.

ప్రమీల చెయ్యి తనకు తెలియకుండానే చంద్ర నుదుటి మీదికి పోయింది. చల్లగానే ఉంది. అయినా చెయ్యి తీయలేదు.

ఆ రోజు మంగళవారం. గురువారం చీర చూపించాలి. శుక్రవారం అమ్మవారి జ్యోతి ఉత్సవం.

డోన్‌లో గోడౌన్ పనికి పోయిన మొగుడు ఉమామహేశ్వరకు ఫోన్ చేసి చెప్పింది. అవతల లారీ శబ్దం. అతను గొంతు తగ్గించాడు. ముందు ఆ గలేబు కనపడకుండా తీయించు, రంగు చూస్తే మన వీధిలో చిన్నపిల్లోనికి గూడా ఆ పడుగు ఎవరిదో తెలిసిపోతాది అన్నాడు.

*

బుధవారం పొద్దు వాలకముందే గుట్ట దగ్గరికి పోయింది. దారి పొడుగునా బండలు సెగలు కక్కుతున్నాయి. బిడ్డ తల మీద కొంగు కప్పి, నాలుగడుగులకొకసారి కొంగు ఎత్తి మొహం చూసుకుంటూ నడిచింది.

దర్గా చూసుకునే మౌలా సాహెబ్ బయట వేపచెట్టు కింద చీపురు కట్టుకుంటున్నాడు. ఆయన భార్య మున్నీ బీ చంద్రను లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోట్లో కలకండ పెట్టింది. ఏం ప్రమీలా, బిడ్డ చిక్కిందే, నువ్వు ఉపాసాలుండి దానికి గూడా పాలు మాన్పించినావా అని ఎగతాళి చేసింది. లోపల సమాధి మీద గలేబు కనపడుతూనే ఉంది. తలుపుకు ఎదురుగా, ఎండ పడి, పసుపూ పచ్చా ఒకదానిలో ఒకటి మెరుస్తూ. తన చేతి పనిని చూసి అంత భయపడడం ఆమెకు అదే మొదటిసారి.

జరిగింది చెప్పింది. జ్యోతి అయ్యేదాకా దాన్ని మడిచి పెట్టమని అడిగింది.

మౌలా సాహెబ్ కడుతున్న చీపురు పక్కన పెట్టాడు. పరిచింది తీసే ఆనవాయితీ లేదన్నాడు. దాని మీద ఇంకోటి పరుస్తా, కనపడదులే అన్నాడు. ప్రమీల గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే ఒగ మాటమ్మా. ఎవురన్నా వచ్చి నన్నే అడిగితే లేదని చెప్పలేను."

ఆమె తల ఊపింది. వెంటనే లేవలేకపోయింది. నిన్నటి నుంచి గొంతులో తిరుగుతున్నది బయటికి వచ్చింది. "మామా, మీ దేవునికి కోపమొస్తే ఎట్ల తెలుస్తాది?"

ముసలాయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"ఆయనకు ఆకలి లేదు, నిద్ర లేదు. ఆడా మగా అని చెప్పనీకి లేదు. ఒళ్ళే లేనోనికి బట్ట యాడ కప్పుతావు? ఈ గలేబు ఆయనకు కాదమ్మా. ఆయన్ను తలుచుకుంటా పోయిన పెద్దాయనకు. మా పిల్లోడు ఫారూఖు కర్నూల్లో సదువుకొని వచ్చినాక అది గూడా తప్పంటాడు. రోజూ నాకూ వానికీ అదే వాదన."

"మరి నా బిడ్డ?"

"అడిగింది నువ్వు. ఇచ్చింది ఆయన. మధ్యలో బట్ట ఎవురు అడిగినారు?"

ధైర్యం చెప్పాలనే చెప్పాడు. మున్నీ బీ కూడా అవునన్నట్టు ఆమె భుజం తట్టింది. కానీ తిరిగి వచ్చే దారిలో ప్రమీలకు అత్త చెప్పిన అమ్మ కంటే ఈయన చెప్పిన దేవుడే ఎక్కువ భయంగా తోచాడు. ఆకలి ఉన్న తల్లికి అన్నం పెట్టి కోపం తీర్చొచ్చు. దప్పికైతే కుండతో నీళ్ళు పోయొచ్చు. ఏమీ అక్కర్లేనివానికి ఏమిచ్చి తప్పు కాసుకోమని అడగాలి? కాళ్ళు పట్టుకుందామన్నా కాళ్ళు లేవంటాడే. కొంగు ఎత్తి చూసింది. కలకండ కరిగి చంద్ర గడ్డమంతా జిగటగా ఉంది. అది నవ్వుతోంది.

*

గురువారం గుడి వసారాలో పదిమంది మగవాళ్ళు కూర్చున్నారు. ఉమామహేశ్వర పొద్దున బస్సుకే వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సుబ్బక్క నిద్రపోతున్న చంద్రను భుజానేసుకుని మెట్ల దగ్గర ఉంది. ప్రమీల పళ్ళెంలో చీర, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని తెచ్చి రంగన్న ముందర దించింది.

రంగన్నకు డెబ్బై దాటాయి. నేత మానేసి పదేండ్లయినా చూపుడువేలి మీద, పేక పోసే నాడె పట్టీ పట్టీ కాసిన కాయ ఇంకా అట్లే ఉంది. చీర విప్పి మొదలంచు పట్టుకున్నాడు. సగం దూరం పోయేసరికే ఆయన వేలు ఆగింది.

తలెత్తి ప్రమీలను చూశాడు. ఆమె ఏదైనా చెప్పే లోపలే పక్కనున్న హరినాథ్ అందుకున్నాడు. ఉత్సవ కమిటీ పనులు ఈ రెండేండ్ల నుంచి అతని చేతిమీదే నడుస్తున్నాయి. ఉమామహేశ్వరకు చిన్నాన్న కొడుకు. ముందు బట్ట యాడుందో నేను చెప్తా మామా, దర్గాలో ఉండాది, మొన్ననే చూసినా, నిన్న పైన ఇంకోటి కప్పినారు గానీ అంచు కనపడతానే ఉండాది అన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. ముందే రాసి ఉంది.

వసారాలో గుసగుసలు లేచాయి. రంగన్న చెయ్యెత్తాడు.

"అమ్మాయ్, ఒక మాట చెప్పు. వాళ్ళు అడిగితే నేసినావా? నీ అంతట నువ్వు నేసినావా?"

"అడిగే ఉంటారులే మామా," అన్నాడు హరినాథ్. "అత్త ఊర్లో లేదు, మొగుడు డోన్‌లో. ఒక్కతే ఉండే ఆడమనిషి. బిడ్డను అడ్డం పెట్టి భయపెట్టింటారు. వదినది ఏం తప్పు ఉండాది? ఈ సంతకం పెడితే చాలు. పసుపునీళ్ళు చల్లి చీర లోపలికి తీసుకుంటాం. వచ్చేవారం వాళ్ళ ఉరుసు గంధం ఊరేగింపు మన వీధిలోకి రాకుండా చూసుకునేది మా పని."

రంగన్న కాదనలేదు. అలసిపోయినట్టు కళ్ళు నులుముకుని, బలవంతం మీద నేసిందానికి దోషం లేదు, ఇష్టం మీద నేసిందైతే చీర తీసుకునేదానికి లేదు, అంతే అన్నాడు.

కాగితం, పెన్ను ప్రమీల చేతిలోకి వచ్చాయి. తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించారు గానీ చదవడం మర్చిపోలేదు. మెల్లగా చదివింది. మౌలా సాహెబ్ పేరు, మున్నీ బీ పేరు, 'బలవంతముగా' అనే మాట. కింద తన పేరు. ఆ పేరు మీద ఖాళీ.

సంతకం పెడితే చీర లోపలికి పోతుంది. మొక్కు తీరుతుంది. బిడ్డ మీదికి ఏమీ రాదు. ఆమెకు కావాల్సింది అదొక్కటే. ఉమామహేశ్వర స్తంభం దగ్గర నుంచి పెట్టేయమన్నట్టు గడ్డం కదిలించాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక్కి తిరిగి చూసింది. చంద్ర నోరు తెరుచుకుని, అత్త మెడ మీద చొంగ కారుస్తూ నిద్రపోతోంది. సుబ్బక్క కోడలి వైపు చూడడం లేదు. గర్భగుడి వైపు చూస్తోంది.

తలుపులు తీసే ఉన్నాయి. పాతచీరలో అమ్మవారు, వెండి కళ్ళతో. ఆమె ముందరే ఈ కాగితం. ఆమె ముందరే ఈ మాటలు. ఆకలీ దప్పికా ఉన్న మనిషైతే చెవులు లేకుండా ఉంటాయా? గలేబు నేసిన నాలుగు రోజులూ చూడకుండా ఉంటుందా? పేక పోగు ఒక్కటన్నా తెంపలేదు. బిడ్డకు ఒక్క తుమ్మన్నా రానివ్వలేదు. అప్పుడేమీ అనని తల్లికి ఇప్పుడు మున్నీ అత్త పేరు చెప్పి అబద్ధం ఎట్లా కట్టబెట్టాలి?

చేతిలో పెన్ను జారుతోంది. కొంగుకు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. తర్వాత దాన్ని కాగితం మీద అడ్డంగా పెట్టి, రెండూ పళ్ళెం పక్కన దించింది.

"వాళ్ళు అడగలేదు మామా. నేనే మొక్కుకున్నా, నేనే నేసినా. నేను తీసకపోయి ఇచ్చేదాకా వాళ్ళకు తెలీదు. ఆయమ్మను అడగండి. ఆయమ్మ చూసింది."

ఎవరో నవ్వారు. హరినాథ్, ఏం అన్నా, నీ పెండ్లాం అమ్మవారితో మాట్లాడతాదంట అని ఉమామహేశ్వర వైపు చూసి అన్నాడు. రంగన్న నవ్వలేదు. చీర మీద నుంచి చేతులు తీసి పంచెకు తుడుచుకున్నాడు. తీసకపొమ్మన్నట్టు పళ్ళేన్ని ఒక్క వేలితో ముందుకు తోశాడు.

చీర లేకుండా జ్యోతి ఎట్లా అని ఒకరు అడిగారు. తన మగ్గం మీద కొత్త పడుగుతో ఒక చీర ముప్పావు వంతు దాకా అయిందని, రాత్రికి కోసేస్తానని హరినాథ్ అన్నాడు. అది ఎప్పుడు మొదలుపెట్టాడని ఎవరూ అడగలేదు.

ఉమామహేశ్వర అన్నం తినకుండానే డోన్ బస్సు ఎక్కాడు. పోయేటప్పుడు బిడ్డ చెంప మీద చెయ్యేసి చూసుకున్నాడు గానీ ప్రమీలతో మాట్లాడలేదు. సుబ్బక్క కూడా మాట్లాడలేదు. చీర పెట్టెలో పెట్టి మూత వేసి, మగ్గం పక్కన గోడకానుకుని కూర్చుంది.

*

శుక్రవారం తెల్లవారకముందే చంద్ర కక్కింది. తెల్లవారేసరికి మూడుసార్లు నీళ్ళ మాదిరి పోయింది. వీధి చివర తప్పెట్లు మొదలయ్యాయి.

ప్రమీల ఏడవలేదు. ఏడ్చేందుకు కూడా చేతులు ఖాళీ లేవు. గుడ్డలు మార్చింది, కడిగింది, ఆరేసింది. ఆరేసిన గుడ్డ చేతిలోనే ఆరిపోయేంత ఎండ తొమ్మిదికే వచ్చింది. నిన్న పెన్ను దించిన క్షణమే కళ్ళ ముందర తిరుగుతోంది. ఒక్క సంతకం. అంత మాత్రం చేయలేకపోయావా అని తనను తానే అడుగుతోంది.

ఆశా కార్యకర్తగా పని చేసే విశ్వాసమ్మ కబురు అందగానే వచ్చింది. పాప కడుపు మీద చర్మం పట్టి వదిలి చూసింది. నాలుక చూసింది. పొడి పొట్లం విప్పి లీటరు నీళ్ళలో కలిపి, ఒక చెంచా, కొంచెంసేపు ఆగి ఇంకో చెంచా, కక్కినా ఆపొద్దు అని ప్రమీల చేతికిచ్చింది. ఒంటేలు ఎప్పుడు పోసిందని అడిగింది. రాత్రి నుంచి లేదంటే ఆమె మొహం మారింది.

"మధ్యాహ్నం లోపల పోస్తే భయం లేదు. పోయకపోతే ఇంక చూసేది లేదు, డోన్ ఆసుపత్రికి పోవాల్సిందే."

విశ్వాసమ్మ పోబోతుంటే ప్రమీల ఆమె చెయ్యి పట్టుకుంది. వీధంతా తెలిసిన విషయమే. అడగకుండా ఉండలేకపోయింది. "అక్కా, మీ దేవునికి రోషం శానా అంటారే. ఇంకొకరికి మొక్కితే ఓర్చుకోడంట గదా."

"రోషం ఉండాదిలే. ఇంట్లో తండ్రికి ఉండదా?" అంది విశ్వాసమ్మ, సంచి భుజానికేసుకుంటూ. "ఆయన గూడా ఒక తల్లి కడుపున పుట్టినోడే. సిలువ మీద చచ్చేటప్పుడు దప్పికని నీళ్ళడిగినాడు. దప్పికంటే ఏందో తెలిసినోడు పసిబిడ్డ నోరు ఎండబెడతాడా? నువ్వు దేవుళ్ళ లెక్కలు తర్వాత చూసుకో. ముందు చెంచా ఎత్తు."

ప్రమీల చెంచా ఎత్తింది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఎన్ని చెంచాలు పోసిందో. కొన్ని లోపలికి పోయాయి, కొన్ని పెదవి పక్క నుంచి కారిపోయాయి. చంద్ర ఏడుపు కూడా మానేసింది. కళ్ళు గుంటలు పడ్డాయి. గుడ్డ తడిమి చూస్తే పొడిగా ఉంది. మళ్ళీ చూసింది. పొడిగానే ఉంది.

పన్నెండుకు ఆటో వచ్చింది. ప్రమీల తువ్వాలు తీసుకుని బిడ్డకు చుట్టబోయింది. అది పాదాల దాకా కూడా రాలేదు. బయట వడగాలి తలుపును దడదడ కొడుతోంది.

నిన్నటి నుంచి గోడకానుకుని కూర్చున్న సుబ్బక్క లేచింది. పెట్టె మూత తీసింది. చీరను మడత విప్పకుండా తొట్టిలో ముంచి, పైకెత్తి, రెండు చేతులా పిండింది. ఎర్రటి నీళ్ళు ఒకటి రెండు చుక్కలు రాలాయి. నీళ్ళోడుతున్న చీరతో వచ్చి మంచం మీద బిడ్డను ఎత్తింది.

ప్రమీల ఆమె మణికట్టు పట్టుకుంది. "అత్తా, అది అమ్మది."

"ఎవురికి చెప్తాండావు?" అంది సుబ్బక్క. నిన్నటి నుంచి ఇదే మొదటి మాట. గొంతు బొంగురుపోయింది. "నలభై ఏండ్లుగా ఆయమ్మకు బోనం వండి పెడతాండా. ఆయమ్మ ఎట్లాంటిదో రంగన్నకేం తెలుసు? దప్పికైతాదని నేను చెప్పలా? దప్పికయ్యేదానికి తెలీదా బిడ్డ దప్పిక? కాళ్ళు పట్టు. చుట్టు."

ప్రమీల మణికట్టు వదిలింది. బిడ్డ కాళ్ళు పట్టింది. చీర తల మీద నుంచి తిప్పి, వీపు మీదుగా, పాదాల కిందికి. ఎవరి ఒంటికీ తగలకూడదని, నేసినన్నాళ్ళూ తను కొంగు కూడా తాకనివ్వకుండా నేసిన బట్ట. తడి తగలగానే చంద్ర ఒళ్ళు ఝల్లుమంది. మొహం ఒక్కటే బయటికి ఉంది.

గుడి వీధి మలుపులో ఆటో ఆగాల్సి వచ్చింది. జ్యోతి ఊరేగింపు అడ్డంగా పోతోంది. తప్పెట్లు, పసుపునీళ్ళు, తలల మీద దీపాలు. ముందు నడుస్తున్న హరినాథ్ ఆటోలోకి చూశాడు. చీర చూశాడు. అతని నోరు తెరుచుకుంది. పక్కనున్న ఇద్దరు కూడా చూశారు. ప్రమీల బిడ్డను గుండెకు హత్తుకుని తల వంచుకుంది. సుబ్బక్క మాత్రం తల వంచలేదు. ఆటో బయటికి మొహం పెట్టి, బిడ్డకు బాగలేదప్పా, దారి ఇడ్చండి అంది, అరవకుండా, ఇంటిముందర మనిషితో చెప్పినట్టు. తప్పెట కొడుతున్నవాళ్ళు ఇద్దరు పక్కకు జరిగారు. హరినాథ్ జరగలేదు గానీ, ఆటో పోయేటంత సందు మిగిలింది.

రోడ్డు మీద ఆటో దిగేసరికి డోన్ బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నారు. కిటికీ మూస్తే ఉడుకు, తీస్తే నిప్పుగాలి. చీర ఆరిపోతూ ఉంటే సుబ్బక్క సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని దాని మీద చల్లుతూ ఉంది. ప్రమీల చెంచా ఆపలేదు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా సగం ఒలికిపోతోంది. ఇంకో చెంచా. ఆగి, ఇంకో చెంచా. ఎవరినీ మొక్కుకోలేదు. మొక్కుకోవడానికి నోట్లో పేరేదీ రాలేదు. చెంచాలో నీళ్ళు ఒలకకుండా చూసుకోవడమే సరిపోయింది.

సగం దారి దాటిన తర్వాత ఒళ్ళో చల్లదనం మధ్యలో ఒకచోట వెచ్చగా అనిపించింది.

ప్రమీల చెంచా గాలిలోనే ఆపింది. కదిలితే అది పోతుందేమోనని కదలలేదు. వెచ్చదనం చీర మడతల్లోంచి తన తొడ మీదికి పాకింది. అక్కడి నుంచి సీటు మీదికి.

"అత్తా," అంది.

సుబ్బక్క చీర కిందికి చెయ్యి పోనిచ్చింది. కాసేపు తీయలేదు. ఆమె పెదవులు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకున్నాయి.

అవతలి సీటులో కూర్చున్నామె కింద కారుతున్నది చూసి కాళ్ళు పైకి తీసుకుంది. తర్వాత చీర చూసింది. "అయ్యో, కొత్త చీర మాదిరి ఉండాదే. ఎంత బాగ నేసినారో. ఉచ్చ పోసి నాశనం చేస్తాండాది సూడు, తీయండమ్మా" అంది.

"పోయనీలే తల్లీ," అంది సుబ్బక్క. "ఇంగా పోయాల."

ప్రమీల చెంచా నింపింది.